డోడో పక్షి, మొలకెత్తని చెట్టు: ఒక అందమైన కథకి పోస్ట్‌మార్టమ్

ఈ కథ మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. హిందూ మహాసముద్రంలో మారిషస్ అనే దీవి ఉంది. అక్కడ డోడో అనే ఎగరలేని పక్షి ఉండేది. టాంబలకోక్ అనే చెట్టు కూడా ఉండేది. ఆ చెట్టు పండులోని టెంక రాయంత గట్టిది. డోడో ఆ పండుని మింగితే, దాని కందనకాయలో టెంక అరిగి పల్చబడేది. తరవాత రెట్టతోబాటు నేలమీద పడి మొలిచేది. 17వ శతాబ్దంలో మనుషులు వచ్చి డోడోని అంతం చేశారు. అప్పటినుంచి ఒక్క టాంబలకోక్ గింజ కూడా మొలకెత్తలేదు. పక్షి పోయిన మూడొందల ఏళ్ళకి, చెట్టు కూడా వారసులు లేకుండా పోతోంది.

ప్రకృతిలో ప్రతిదీ మరోదానితో ముడిపడి ఉంటుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ దొరకదు. పర్యావరణం మీద ఉపన్యాసాల్లో, పిల్లల పుస్తకాల్లో, క్విజ్ పోటీల్లో నేను దీన్ని చాలాసార్లు విన్నాను. చెప్పేవాళ్ళ ఉద్దేశం మంచిదే. చిక్కల్లా ఏమిటంటే ఈ కథ నిలబడదు. అది ఎలా పుట్టింది, ఎందుకు నిలబడలేదు అన్న చరిత్ర మాత్రం కథకన్నా ఎక్కువ పాఠాలు చెబుతుంది. అందుకే దీన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు విషయం. చెట్టుకి కాళ్ళు లేవు. పుట్టినచోటే పెరుగుతుంది, అక్కడే చస్తుంది. దాని జీవితంలో ప్రయాణం ఒక్కసారే ఉంటుంది, అదీ గింజగా ఉన్నప్పుడు. ఆ ప్రయాణానికి ఒక్కొక్క మొక్క ఒక్కొక్క వాహనాన్ని వాడుకుంటుంది. జిల్లేడు గింజ దూది కట్టుకుని గాలిలో తేలుతుంది. శేషాచలం కొండల్లో ఎర్రచందనం కాయకి చుట్టూ పల్చటి రెక్క ఉంటుంది. ఉత్తరేణి గింజ పంచె అంచు పట్టుకుంటుంది, పల్లేరు కాయ చెప్పు అడుగున గుచ్చుకుంటుంది. కొబ్బరికాయ సముద్రంమీద తేలుతుంది. వేపపండుని కాకి, మర్రిపండుని గబ్బిలం తీసుకుపోతాయి. గుడి గోపురం పగుల్లో రావిమొక్క మొలిస్తే అది దైవసంకల్పం అని, పీకితే పాపం అని మనవాళ్ళు అనుకుంటారు. రావిపండు తిన్న పక్షి ఆ గోపురంమీద వాలి రెట్ట వేసిందన్నమాట, అంతే. ఆవగింజకన్నా చిన్నదైన ఆ గింజకి గోడ పగుల్లో చేరిన పిడికెడు దుమ్ము, కాస్త తేమ చాలు. వదిలేస్తే వేళ్ళు లావై గోపురం రాళ్ళనే జరిపేస్తాయి.

గింజలు ఇలా ప్రయాణిస్తాయని పల్లెల్లో అందరికీ తెలుసు. ఎంత దూరం వెళ్ళగలవు అన్నదే ఒకప్పుడు పెద్ద వివాదం. 19వ శతాబ్దం మధ్యలో యూరప్ శాస్త్రవేత్తల ముందు ఒక ప్రశ్న ఉండేది. సముద్రం మధ్యలో, అగ్నిపర్వతాల వల్ల పుట్టిన దీవుల్లోకి మొక్కలు ఎలా వచ్చాయి? ఎక్కడి మొక్కని అక్కడే దేవుడు సృష్టించాడని కొందరి నమ్మకం. ఒకప్పుడు ఖండాలకీ దీవులకీ మధ్య నేల ఉండేదని, తరవాత మునిగిపోయిందని మరికొందరి వాదన. హిమాలయాల్లో తిరిగి, తరవాత భారతదేశపు మొక్కలమీద ఏడు సంపుటాల గ్రంథం వెలువరించిన జోసఫ్ హుకర్ కూడా మొదట్లో ఈ మునిగిపోయిన నేలల వైపే మొగ్గేవాడు.

చార్ల్స్ డార్విన్‌కి ఈ రెండూ నచ్చలేదు. గింజలే సముద్రం దాటి ఉండవచ్చని అతని ఊహ. ఉప్పునీళ్ళలో గింజ చచ్చిపోదా అని అందరి సందేహం. నిజంగా చచ్చిపోతుందో లేదో అప్పటిదాకా సరిగ్గా ఎవరూ పరీక్షించినట్టు లేదు. 1855లో డార్విన్ సీసాల్లో ఉప్పునీళ్ళు పోసి, వాటిలో గింజలు వేసి, ఇన్ని రోజులకి ఇన్ని అని తీసి నాటడం మొదలుపెట్టాడు. 87 రకాల గింజల్లో 64 రకాలు 28 రోజులు ఉప్పునీళ్ళలో నానాక కూడా మొలిచాయి. కొన్ని 137 రోజుల తరవాతా మొలిచాయి. అయితే గింజ బతకడం ఒక్కటే చాలదు, తేలాలి కూడా. అందుకని ఎండిన కొమ్మలతో, కాయలతో మళ్ళీ పరీక్షలు చేశాడు. నూటికి 14 రకాల మొక్కల గింజలు సముద్రప్రవాహంలో 900 మైళ్ళకి పైగా వెళ్ళి మొలిచే అవకాశం ఉందని లెక్కగట్టాడు. చెరువు గట్టునుంచి మూడు పెద్ద చెంచాల బురద తెచ్చి ఇంట్లో ఒక కప్పులో పెట్టి, ఆరునెలలపాటు మొలిచిన ప్రతి మొక్కనీ పీకి లెక్కపెట్టాడు. మొత్తం 537 మొక్కలు! కొంగ కాలికి అంటుకునే కాస్త బురదలో ఎంత అడవి దాగి ఉండవచ్చో ఊహించుకోండి.

ఇందులో ఖరీదైన పరికరం ఒక్కటీ లేదు. సీసా, ఉప్పు, బురద, కాస్త ఓపిక. "అయి ఉండవచ్చు" అన్నదాన్ని "అవుతుందా, చూద్దాం" అన్నదిగా మార్చడం ఒక్కటే అతను చేసిన పని. హుకర్ కూడా 1866లో దీవుల మొక్కలమీద ఇచ్చిన ప్రసిద్ధ ఉపన్యాసంలో ఈ వాదానికి పెద్దపీట వేశాడు. ఈ సీసాలని గుర్తుపెట్టుకోండి. డోడో కథలో లోపించింది ఇదే.

డార్విన్ దూరం సంగతి చూశాడు. తరవాతి శాస్త్రవేత్తలు దగ్గరి సంగతి చూశారు. గింజ తల్లిచెట్టు కిందే పడితే ఏమవుతుంది? నీడ, పోటీ సరేసరి. అంతకుమించి, ఒకే రకం గింజలు కుప్పగా పడినచోటికి వాటిని తినే పురుగులు, ఎలకలు, వాటికి పట్టే బూజులు చేరతాయి. తల్లికి దూరంగా పడ్డ గింజకి బతికే అవకాశం ఎక్కువ. 1970లో డానియల్ జాన్సెన్, 1971లో జోసఫ్ కొనెల్ విడివిడిగా ఈ వాదాన్ని ముందుకు తెచ్చారు. వానలు దండిగా పడే ఉష్ణమండలపు అడవుల్లో ఒకే చెట్టు రాజ్యమేలకుండా అన్ని రకాల చెట్లు కలిసి ఎందుకుంటాయో చెప్పే ముఖ్యమైన వివరణల్లో ఇదొకటి. అంటే గింజని మోసే జంతువు ఒక చెట్టుకి మాత్రమే సాయం చెయ్యడం లేదు. అడవిలో ఏ చెట్టు పక్కన ఏ చెట్టు ఉండాలో నిర్ణయించే వాటిలో అదీ ఒకటి.

ఈ మోతపని అన్నిచోట్లా ఒకేలా జరగదు. దట్టమైన తడి అడవిలో గాలి ఆడదు కాబట్టి, అక్కడ ఎక్కువ చెట్లు పండు కాసి పక్షుల్నీ జంతువుల్నీ ఆశ్రయిస్తాయి. మన తూర్పుకనుమల్లాంటి పొడి అడవుల్లో, ఆకు రాలిన వేసవిలో గాలి బాగా వీస్తుంది కాబట్టి రెక్కల గింజలు, దూది గింజల వాటా పెరుగుతుంది. దీవుల సంగతి వేరు. అక్కడికి చేరగలిగిన జంతువులే తక్కువ కాబట్టి, మోసేవాళ్ళూ తక్కువే. ఆ ఉన్న కొద్దిమందిలో ఒకరు పోతే నష్టం పెద్దది. డోడో కథ అంత నమ్మదగినట్టు అనిపించడానికి కారణం ఇదే. అందులో సగం నిజం ఉంది.

ఇప్పుడు మారిషస్‌కి వెళదాం. దాదాపు 80 లక్షల ఏళ్ళ కిందట సముద్రంలోంచి అగ్నిపర్వతంగా లేచిన దీవి అది. ఏ ఖండంతోనూ ఎన్నడూ కలిసి లేదు. అక్కడ గబ్బిలాలు తప్ప నేలమీద తిరిగే పాలిచ్చే జంతువులు లేవు. పండ్లు తిని గింజలు మోసినవి డోడోలు, పెద్ద తాబేళ్ళు, పావురాలు, చిలకలు, పండ్లు తినే గబ్బిలాలు. 1598లో డచ్ ఓడలు వచ్చాయి, 1638లో డచ్‌వాళ్ళు స్థిరపడ్డారు. ఓడలతోబాటు ఎలకలు, పందులు, పొడుగుతోక కోతులు, జావానుంచి జింకలు దిగాయి. డోడోని ఆఖరిసారి చూసినట్టు ఎక్కువమంది ఒప్పుకునే సంవత్సరం 1662. పెద్ద తాబేళ్ళని ఓడలవాళ్ళు మాంసం కోసం వేలకొద్దీ పట్టుకుపోయారు. 19వ శతాబ్దం సగానికల్లా మారిషస్, రియూనియన్, రోడ్రిగ్స్ దీవుల్లోని సొంత జాతుల తాబేళ్ళన్నీ అంతరించాయి.

టాంబలకోక్ మనకి మరీ పరాయి చెట్టేమీ కాదు. మన సపోటా, ఇప్ప చెట్ల కుటుంబానిదే. 1977లో స్టాన్లీ టెంపుల్ అనే అమెరికన్ పక్షి శాస్త్రవేత్త "సైన్స్" పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆ చెట్లు 13 మాత్రమే మిగిలాయని, అన్నీ 300 ఏళ్ళు దాటినవేనని అందులో చెప్పాడు. డోడో పోయిన కాలమూ, ఆ చెట్ల వయసూ సరిపోతున్నాయి కాబట్టి రెండిటికీ సంబంధం ఉందన్నాడు. డోడో ఎటూ లేదు కాబట్టి టర్కీ కోళ్ళకి బలవంతంగా 17 టెంకలు మింగించాడు. 7 టెంకలు కందనకాయలో నలిగిపోయాయి. మిగిలిన పదిటిని నాటితే మూడు మొలిచాయి. మూడొందల ఏళ్ళలో మొలిచిన మొదటి టాంబలకోక్ గింజలు ఇవే కావచ్చని రాశాడు.

ఇక ప్రపంచమంతా పాకడానికి ఎంతసేపు? పత్రికలు రాశాయి. పాఠ్యపుస్తకాలకి ఎక్కింది. పరిణామ శాస్త్రంమీద గొప్పగా రాసే స్టీఫెన్ జే గూల్డ్ కూడా దీనిమీద ఒక వ్యాసం రాసి, 1980లో "ది పాండాస్ థమ్" పుస్తకంలో చేర్చాడు. అప్పటికే వచ్చిన విమర్శనీ ఆ పుస్తకంలో ప్రస్తావించాడు, అది అతని నిజాయితీ. కానీ కథ మోసుకుపోయినవాళ్ళు విమర్శని మోసుకుపోలేదు.

టెంపుల్ ప్రయోగంలో లోపం ఎక్కడుందో చూడండి. కోడి మింగిన పది టెంకల్లో మూడు మొలిచాయి, సరే. అదే రోజు, అదే మట్టిలో, కోడి మింగని పది టెంకలు నాటితే ఎన్ని మొలిచేవి? ఆ పక్క మడి ఆయన ప్రయోగంలో లేదు. అది లేకపోతే మూడు అన్న అంకెకి అర్థమే లేదు. అక్కడ సున్నా వచ్చి ఉంటే ఆయన వాదం బలపడేది. మూడు వచ్చి ఉంటే కోడి కందనకాయకి పనేమీ లేదని తేలేది. ఐదు వచ్చి ఉంటే కోడి వల్ల నష్టమే జరిగిందని చెప్పాల్సివచ్చేది. దీన్నే శాస్త్రంలో కంట్రోల్ అంటారు. కామెర్లకి పసరుమందు మింగినవాళ్ళలో ఇంతమందికి తగ్గింది అని ఎవరైనా చెప్పినప్పుడు మనం అడిగే ప్రశ్న కూడా ఇదే. చాలా రకాల కామెర్లు కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి, పసరు మింగనివాళ్ళలో ఎంతమందికి తగ్గిందో చెప్పకపోతే మొదటి లెక్క ఎందుకూ పనికిరాదు. కంట్రోల్ లేని ప్రయోగం పసరువైద్యుడు చేసినా, పేరున్న పత్రికలో అచ్చయినా దాని విలువ ఒకటే.

1979లో అదే "సైన్స్" పత్రికలో జవాబు వచ్చింది. రాసినవాడు మారిషస్ అటవీ శాఖకి చెందిన ఓవడల్లీ. ఈ విషయం నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. బయటినుంచి వచ్చిన శాస్త్రవేత్త అందమైన సిద్ధాంతం చెప్పాడు. రోజూ ఆ అడవిలో తిరిగే స్థానికుడు, "అయ్యా, మా దగ్గర ఈ గింజలు కోడి సాయం లేకుండానే మొలుస్తున్నాయి" అన్నాడు. కొండమీది వానఅడవుల్లో చేసిన సర్వేలో వయసులో చిన్నవైన టాంబలకోక్ చెట్లు కనిపించాయని, అవి డోడో పోయిన చాలాకాలం తరవాత పుట్టినవేనని చూపించాడు. 1941లోనే లండన్ దగ్గర క్యూ ఉద్యానవనానికి చెందిన ఆర్థర్ హిల్ ఈ గింజ ఎలా మొలుస్తుందో వర్ణించిన సంగతి గుర్తుచేశాడు. టెంక చుట్టూ ఒక బలహీనమైన గీత ఉంటుంది. లోపలి మొలక ఉబ్బినప్పుడు ఆ గీతవెంట టెంక మూతలా విడిపోతుంది. ఎవరి కందనకాయా దాన్ని అరగదీయనక్కరలేదు. టెంపుల్ తన వాదాన్ని వదులుకోలేదు. కానీ 1991లో విట్మర్, చీక్ అనే ఇద్దరు ఈ వ్యవహారాన్ని మొత్తం మళ్ళీ పరిశీలించి, డోడో లేకపోతే ఈ చెట్టు లేదు అన్న వాదానికి ఆధారం లేదని తేల్చారు. చెట్ల సంఖ్య కూడా పదమూడు కాదు, వందల్లో ఉంది. వాటి వయసు సంగతి చెప్పాలంటే, ఆ చెట్ల మానులో ఏడాదికొక వలయం స్పష్టంగా ఏర్పడదు. కాబట్టి 300 ఏళ్ళు అన్నది కొలత కాదు, అంచనా.

విమర్శ చేసినవాళ్ళు చెప్పిన ప్రతి మాటా నిలిచిందని కూడా అనుకోవద్దు. డోడోలు దిగువ మైదానాల్లో ఉండేవని, టాంబలకోక్ ఎక్కువ వానపడే కొండ అడవుల చెట్టని, రెండూ కలిసి ఉండనే లేదని ఓవడల్లీ వాదన. కానీ మారిషస్ ఆగ్నేయతీరంలో మార్ ఒ సోంజ్ అనే చిత్తడినేలలో డోడో ఎముకల్తోబాటు ఈ చెట్టు టెంకలు కూడా తరవాతి తవ్వకాల్లో బయటపడ్డాయి. అంటే ఒకప్పుడు అది దిగువ నేలల్లోనూ ఉండేది. డోడో దాని పండ్లు తినీ ఉండవచ్చు. తినడం వేరు, అది తింటేనే గింజ మొలుస్తుందనడం వేరు. ఒక వాదం తప్పని చూపించేవాళ్ళ మాటల్ని కూడా అదే జల్లెడలో వెయ్యాలి కదా.

మరి ఆ చెట్టు ఎందుకు అరుదైపోయింది? కారణాలు కథంత అందంగా లేవు. కోతులు పండు పక్వానికి రాకముందే తెంపి పాడుచేస్తాయి. పందులు నేల తవ్వి గింజల్నీ మొలకల్నీ నాశనం చేస్తాయి. జింకలు మొక్క తల ఎత్తగానే మేసేస్తాయి. బ్రెజిల్‌నుంచి తెచ్చిన ఒక రకం చిన్న జామ అడవి అడుగంతా గుబురుగా అల్లుకుని, మరే మొక్కకీ వెలుతురు తగలనివ్వదు. దాని పళ్ళని ఇష్టంగా తిని గింజలు చల్లేది కూడా ఈ కోతులూ పందులే. సొంత చెట్లకి మోసేవాళ్ళు పోయారు, వలసవచ్చిన చెట్లకి మోసేవాళ్ళు దొరికారు.

వీటన్నిటికీ మించి చెరుకు. ఫ్రెంచివాళ్ళు పెంచిన చెరుకుసాగు 1810లో దీవి బ్రిటిష్‌వాళ్ళ చేతికి వచ్చాక బాగా విస్తరించింది. బానిసత్వం రద్దయ్యాక 1834నుంచి దాదాపు 5 లక్షలమంది కూలీలని, ఎక్కువగా మన దేశంనుంచి, ఒప్పందాలమీద తీసుకుపోయారు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరుమీద తెలుగువాళ్ళని అక్కడ "కోరంగీ"లు అనేవారు. ఇవాళ మంచి స్థితిలో మిగిలిన సొంత అడవి ఆ దీవి విస్తీర్ణంలో 2 శాతం కూడా లేదు. అడవి కొట్టించింది తోటల యజమానులు, అవసరం యూరప్ చక్కెర బజారుది. చెమట మాత్రం కోరంగీలది, వాళ్ళలాంటి వలస కూలీలది. డోడో కథ చెప్పేటప్పుడు ఈ చెరుకు ఎక్కడా కనబడదు. నేరం మొత్తం 17వ శతాబ్దంలో డోడోని చంపిన ఓడలవాళ్ళమీదికి పోతుంది. ఆ తరవాతి మూడొందల ఏళ్ళ లెక్క ఎవరూ అడగరు.

కథ తప్పయితే నష్టమేమిటి, పిల్లలకి ప్రకృతిమీద ప్రేమ పెరుగుతుంది కదా అని నన్ను కొందరు అడిగారు. నష్టం ఉంది. జబ్బు ఏమిటో తప్పుగా చెబితే మందూ తప్పవుతుంది. కథ నిజమైతే టర్కీ కోళ్ళని పెంచి టెంకలు మింగించాలి. అసలు కారణాలు నిజమైతే కంచె వెయ్యాలి, పందుల్నీ జింకల్నీ బయట పెట్టాలి, జామగుబుర్లు పీకాలి, నర్సరీలో మొక్కలు పెంచాలి. మారిషస్‌లో సొంత అడవిని కాపాడే పని చేస్తున్నవాళ్ళు చేసేది ఈ రెండోదే.

గింజలు మోసే జంతువులు పోతే ఏమీ కాదని దీని అర్థం కాదు. సరిగ్గా పరీక్షిస్తే ఏం తేలుతుందో అదే మారిషస్ తీరంలో చూడవచ్చు. ఇల్ ఒ ఎగ్రెట్ అని 26 హెక్టార్ల బుల్లి దీవి ఉంది. కొండమీది వానఅడవిలా కాక, అక్కడిది తీరపు పొడి అడవి. అక్కడ మాత్రమే చెప్పుకోదగ్గ సంఖ్యలో మిగిలిన ఒక నల్లచేవ చెట్టు ఉంది, మన బీడీ ఆకు తునికి చెట్టుకి దాయాది. వంటచెరుకు కోసం దాన్ని ఎడాపెడా నరికారు. నరికినచోట మళ్ళీ మొలవలేదు. పండ్లన్నీ తల్లిచెట్టు కిందే పడి కుళ్ళిపోయేవి, ఎందుకంటే వాటిని మింగే పెద్ద తాబేళ్ళు ఎప్పుడో పోయాయి. 2000లో ఆల్డబ్రా దీవి జాతికి చెందిన పెద్ద తాబేళ్ళని తెచ్చి అక్కడ వదిలారు. తాబేలు తిన్న గింజలనీ తినని గింజలనీ నాటి పోల్చి చూశారు. తాబేలు కడుపులోంచి వచ్చినవి బాగా మొలిచాయి. అంతేకాదు, నరికేసిన మేరల్లో కూడా మొలకలు గుంపులుగా లేచాయి. ఈ ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. ఇక్కడ పక్క మడి ఉంది, అందుకే అంకెలకి అర్థం ఉంది.

మన దేశంలో కూడా ఇలాంటి ఆధారాలు ఉన్నాయి. అరుణాచల్ ప్రదేశ్ తడి అడవుల్లో పెద్ద గింజల చెట్లు చాలా ఉన్నాయి. బుల్‌బుల్ లాంటి చిన్న పిట్ట నోట్లో ఆ గింజలు పట్టవు. హార్న్‌బిల్ లాంటి పెద్ద ముక్కు పక్షి మాత్రం వాటిని మింగి దూరంగా వదులుతుంది. నాందఫా పరిసరాల్లో వేట, కలప నరకడం ఎక్కువగా ఉన్న అడవినీ తక్కువగా ఉన్న అడవినీ పోల్చి 2015లో అచ్చువేసిన అధ్యయనంలో, హార్న్‌బిల్స్ తగ్గినచోట అలాంటి గింజల రాక తగ్గిందని, కొత్త మొక్కల తీరు మారిందని తేలింది. చెట్లు అక్కడే నిలబడి ఉంటాయి, అడవి పచ్చగానే కనబడుతుంది. మార్పు తరవాతి తరంలో బయటపడుతుంది. అదే రాష్ట్రంలో పక్కే అభయారణ్యం చుట్టూ ఉన్న నిషీ తెగవాళ్ళు ఒకప్పుడు తలపాగాలో హార్న్‌బిల్ ముక్కు ధరించేవారు. ఇప్పుడు చాలామంది ఫైబర్ ముక్కులు పెట్టుకుంటున్నారు. 2011లో మొదలైన కార్యక్రమం కింద ఆ పక్షుల గూళ్ళకి వాళ్ళే కాపలా కాస్తున్నారు.

అది తడి అడవి, మోసేవాళ్ళు తగ్గిన కథ. పొడినేలలో దీనికి సరిగ్గా తిరగేసిన కథ మన రాయలసీమలోనే ఉంది. సర్కారు తుమ్మ మన చెట్టు కాదు, అమెరికా ఖండంనుంచి వచ్చింది. వంటచెరుకు కొరత తీర్చడానికి అప్పటి మద్రాసు అటవీ శాఖ జమైకానుంచి గింజలు తెప్పించి, 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటించింది. మన దేశంలో నమోదైన తొలి నాట్లలో అదొకటి. తియ్యటి కాయని మేకలు, గొర్రెలు, పశువులు ఇష్టంగా తింటాయి. గట్టి గింజ అరగకుండా బయటికొచ్చి, పేడ ఎరువుతోసహా కొత్తచోట దిగుతుంది. టాంబలకోక్‌కి డోడో చేసిందని టెంపుల్ చెప్పిన పని, సర్కారు తుమ్మకి మన మేక నిజంగానే చేస్తోంది. మంద ఎటు నడిస్తే అటు చెట్టు నడిచింది. కాలవగట్లు, చెరువులు, బీడుభూములు అన్నీ దాని పాలయ్యాయి. వానలు తక్కువ, నేల చవుడు, మేత అతిగా జరిగిన చోట్ల దాని పక్కన నిలదొక్కుకోగల సొంత మొక్కలు తక్కువ. అదే చెట్టు దట్టమైన వానఅడవిలో నీడకి తాళలేదు. కాబట్టి గింజ వచ్చి పడడం సగమే, నేలా వానా వెలుతురూ ఒప్పుకోవడం మిగతా సగం. దాని బొగ్గుమీద, కట్టెమీద బతికే పేదవాళ్ళూ ఉన్నారు కాబట్టి దాన్ని రాక్షసిగా చిత్రించడం నాకు ఇష్టం లేదు. దాని చరిత్ర తెలుసుకోవాలి, అంతవరకే.

ప్రతి వానాకాలంలో మన రెండు రాష్ట్రాల్లోనూ గుట్టలమీద విత్తన బంతులు విసురుతున్నారు. బడిపిల్లలు, మహిళా సంఘాలవాళ్ళు, ఉద్యోగులు ఉత్సాహంగా పాల్గొంటున్నారు. మంచిదే, ఎవరి ఉత్సాహాన్నీ నేను తగ్గించను. ఎన్ని లక్షల బంతులు విసిరారో మర్నాడు పేపర్లో వస్తుంది. నేను అడిగేది మరో రెండు అంకెలు. మూడేళ్ళ తరవాత ఆ గుట్టమీద ఎన్ని మొక్కలు బతికున్నాయి? బంతులు విసరకుండా, మేతనీ నిప్పునీ మాత్రం ఆపి వదిలేసిన పక్కగుట్టమీద పిట్టలూ గాలీ తెచ్చిన మొక్కలు ఎన్ని? ఈ పోలికకి కావలసింది ఒక నోటుబుక్కు, రెండు గుట్టలు, లెక్కపెట్టే ఓపిక. మీ ఊరి బడిలో సైన్సు మాస్టారు ఉంటే ఆయనకి ఈ మాట చెప్పండి. ఈ వానాకాలమే మొదలుపెట్టవచ్చు.